అందరికీ చెప్పిన ఓటీపీ

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని మా ఊరి పిల్లలకు నేర్పింది నేను. ఆ ఓటీపీని గ్రంథాలయం నడిహాల్లో, ఫ్యాను చప్పుడును మించి వినపడేలా చదివి వినిపించింది కూడా నేనే. ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని ఈ రెండు పనులూ ఎలా చేసిందని మీకు అనుమానం రావచ్చు. మీరు నన్ను చూడలేదు గనక వస్తుంది. మా ఊళ్లో ఎవరికీ రాలేదు.

మాది భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో ఒక మండల కేంద్రం. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ పడ్డాను. నాకు డిగ్రీ ఉంది, దాని మీద పీజీ ఉంది. ఆ రెండింటికీ బయట పని దొరకక చదువంతా నోట్లోకి చేరింది. కూరగాయల బండి మొదలుకొని కరెంటు ఆఫీసు దాకా నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. వాళ్లకు చేతగాక కాదు, వేరే పనులు ఉండటం వల్ల. ఈ సంగతి మా ఆయన పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టి, అప్పట్నుంచి హాయిగా ఉన్నాడు.

గ్రంథాలయానికి కూడా నేను మొదట చదవడానికి పోలేదు, పోట్లాడటానికి పోయాను. వారపత్రికలో సీరియల్ పేజీ ఎవరో చింపుకుపోతున్నారని నా ఫిర్యాదు. గ్రంథపాలకుడు మధిర వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అలాంటి వాళ్లతో పోట్లాట అంటే బూరుగు దూదిని రోకలితో దంచడమే. చేయి నొప్పి తప్ప చప్పుడు రాదు. దంచీ దంచీ అలసిపోయి పక్కకు చూస్తే, గోడవారగా పూల గుడ్డలు కప్పిన ఆకారాలు కనిపించాయి. వాటి నెత్తిన పాత పేపర్ల కట్టలు. ఇవేంది అని అడిగాను. కంప్యూటర్లట. పిల్లల కోసం పైనుంచి వచ్చాయట. పిల్లలు ముట్టుకుంటే ఏం చూస్తారో ఏమోనని భయపడి కప్పి ఉంచాడట.

"ఇంటర్నెట్టు గదా మేడం. రేపు ఏదన్నా అయితే బాధ్యత ఎవరిది?" అన్నాడు.

"నాది," అన్నాను.

ఎవరైనా ఎవరిది అని అడిగితే నాది అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అది దారిన పోయే దెబ్బ అయినా సరే. ఆయన ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అప్పటికప్పుడు కట్టలు దించి, గుడ్డలు తీసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. సీరియల్ పేజీ ఎవరు చింపారో ఇప్పటికీ తేలలేదు.

వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు. చర్ల అవతల అడవి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. మొదట్లో మౌసును రెండు చేతులతో పట్టుకునేవారు, కోడిపిల్లను పట్టుకున్నట్టు. వాళ్ల ముందు నిలబడి నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. పాస్‌వర్డ్ అంటే పొయ్యి పక్కన కారం డబ్బా కాదు, చేయి చాపిన ప్రతివాడికీ అందడానికి అని. మీ ఫోటోలు ఎవరడిగినా పంపొద్దని, మీ ఊరి పేరు చెప్పొద్దని, తెలియనివాళ్లతో మాట్లాడొద్దని. నా ఉపన్యాసాల్లో ఉన్న మంచి గుణం ఏమిటంటే, నాకు విసుగు రాదు.

ఒక రోజు వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పదో తరగతి పరీక్షలు రాసి, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష కూడా రాసి, మా ఊళ్లో పిన్ని ఇంట్లో ఉండి ఫలితాల కోసం చూస్తోంది.

"తెల్వనోళ్లంటే ఎవలు మేడం?" అంది.

దానిది తుంటరితనం కాదు, నిజంగానే అడిగింది. వాళ్ల ఊరికి కొత్త మనిషి వస్తే ఎవరి తాలూకు, ఏ ఇంటికి వచ్చాడు అన్నది తేలేదాకా ఊరు ఊరంతా కన్నేసి ఉంటుంది. తేలాక ఒక పూట అన్నం పెడతారు. అన్నం తిన్నవాడు ఇక తెలియనివాడు కాడు. నేను కాస్త ఆలోచించి, ఇంటర్నెట్టులో ఉన్నవాళ్లంతా తెలియనివాళ్లే అనుకో అన్నాను.

"మరి ఈడ?" అని ఆ పిల్ల హాలంతా చూపించింది.

"ఈడ అందరూ మనోళ్లే," అన్నాను నేను, ఎంతో ధీమాగా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఎక్కిళ్లు వస్తాయి.

ఆ పిల్లకు ర్యాంకు మంచిదే వచ్చింది. సివిల్ చదవాలని దాని కోరిక. ఎందుకని అడిగితే, "మా ఊరి రోడ్డును నా చిన్నప్పటి సంది కొలుస్తనే ఉన్నరు మేడం. నేనైతే జల్దీ కొలుస్త," అంది. వాళ్ల నాన్న కూడా వద్దనలేదు గానీ ఒక షరతు పెట్టాడు. సర్కారు కాలేజీలో, హాస్టలు ఉన్నచోట సీటు వస్తే పంపుతాడు. ప్రైవేటు కాలేజీ అయితే పంపడు. అక్కడ ఉండటానికి, తినడానికి ఎవరు పెడతారు? అప్పుడు మేనత్తతో పాటు కూలికి పోవాలి. మేనత్త ఇప్పటికే మేస్త్రీకి మాట కూడా ఇచ్చి పెట్టింది. కాలేజీల పేర్లు ఏ వరసలో కావాలో కంప్యూటర్లో ఎక్కించడం ఒక్కటే మిగిలింది. అది సరిగ్గా ఎక్కితే చదువు, తప్పితే నాట్లు.

ఇక్కడ ఫోన్ల సంగతి చెప్పాలి. వాళ్ల ఊళ్లలో గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు. ఇంట్లో ఫోను ఉన్నా అది రాత్రిపూట బ్యాటరీ లైటుకు, పగటిపూట పాటలకు. దరఖాస్తులో నంబరు రాయాలంటే, సంతకు వచ్చే మా ఊళ్లో ఉన్న కిరాణా కొట్టాయన నంబరు ఇస్తారు. ఇది ఈ వైపు ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. సగం అడవికి ఆయన నంబరే దిక్కు. ఓటీపీ వచ్చినప్పుడు ఆయన బెల్లం తూస్తుంటాడు, తూయడం అయ్యేసరికి దాని గడువు తీరిపోతుంది. పిల్లల భవిష్యత్తు అంటే అంత అలుసా అని నేను కొట్టు ముందు నిలబడి గట్టిగా దులిపేశాను. ఆయన చేతులు తుడుచుకుని, అయితే మీ నంబరు ఇయ్యండ్రి అన్నాడు. ఇచ్చాను. చెప్పాను గదా, నాది అనడం జబ్బు అని.

ఆ రోజు నుంచి నా ఫోను నాది కాదు. పప్పు ఉడికే లోపు ఓటీపీ, పోపు వేసే లోపు ఓటీపీ. కలెక్టరుకు కూడా ఇన్ని మెసేజీలు రావేమో అన్నాడు మా ఆయన. వెక్కిరింత అని తెలిసినా నాకు లోలోపల గర్వంగానే ఉండింది.

గ్రంథాలయంలో అయితే అది ఒక జాతరే. మెసేజీలో అంకెలుంటాయి గానీ ఏ పిల్ల కోసం వచ్చాయో పేరుండదు. లేచి ఒక్కొక్కరి దగ్గరికి పోయే ఓపిక నాకు లేదు, గొంతు మాత్రం ఉంది. కుర్చీలోంచే చదివేదాన్ని. ఎవరిదైతే వాళ్లు కొట్టుకునేవారు. పేపర్ల బల్ల దగ్గర కూర్చునే పెద్దమనుషులకు కూడా ఇది అలవాటైపోయింది. ఏ పిల్లయినా తడబడితే "ఆరు కాదు బిడ్డా, తొమ్మిదన్నది మేడం," అని అందించేవారు. ఊరంతా ఒక్క కుటుంబంలా పిల్లల్ని చదివిస్తున్నామని నేను మురిసిపోయేదాన్ని.

ఆ బల్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో కూడా కూర్చునేవాడు. ప్రవేశాల కాలంలో బండి మీద ఊళ్లు తిరిగి పిల్లల్ని పోగుచేసుకుపోవడం అతని ఉద్యోగం. నన్ను అక్కా అంటాడు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పిస్తాడు. మీరు లేకపోతే ఈ పిల్లలు ఏమైపోయేవారో అంటాడు. నన్ను పొగిడినవాడితో నేను వాదించలేను. అంతకుముందు ఎవరూ పొగడకపోవడం వల్ల ఈ బలహీనత ఒకటి నాలో ఉందని నాకే తెలియదు.

ఆ పిల్ల కాలేజీల వరస ఎక్కించిన మధ్యాహ్నం నేను మహా జాగ్రత్తగా ఉన్నాను. ఒక్క అంకె తప్పినా బతుకు తప్పుతుందని చెప్పి, దాని హాల్‌టికెట్ నంబరు పైకి చదవమన్నాను. అది చదివింది, పక్కపిల్ల కొట్టింది, సరిచూడటానికి నేను మళ్లీ పైకి చదివాను. అప్పటికి ఆ నంబరు హాల్లో ఉన్న అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది. సర్కారు పాలిటెక్నిక్, సివిల్, మొదటి వరసలో. దాని కింద మిగతావి. అంతా భద్రం చేసి బయటికి వచ్చాం. ఆ పిల్ల ముఖంలో ఎండ కాసింది.

కాసేపటికి నా ఫోనుకు మరో ఓటీపీ వచ్చింది. చదివాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవలు అడిగిన్రు మళ్ల?" అన్నాను.

"నేనైతే అడగలే మేడం," అంది ఆ పిల్ల.

"నువ్వడగక, నేనడగక, మరి మా అత్త అడిగిందా?" అని కసిరి, వాళ్లకు సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి, ఈసారి నిదానంగా, అంకె అంకె విడగొట్టి చదివాను. వచ్చిన ఓటీపీ వృథాగా పోతుంటే నాకు అన్నం పారబోస్తున్నట్టు ఉంటుంది. పేపర్ల బల్ల దగ్గర పీఆర్వో తల వంచుకుని ఫోన్లో వేళ్లు ఆడిస్తున్నాడు. నేను చూడకపోలేదు. పాపం, ఇక్కడికి వచ్చినా పనే, అనుకున్నాను.

మర్నాడు ఆ పిల్ల ఒకసారి చూసుకుంటానని వచ్చింది. పాస్‌వర్డ్ తప్పు అని చూపించింది కంప్యూటరు. నేను వెంటనే మతిమరుపు మీద ఉపన్యాసం అందుకున్నాను. అది మధ్యలో తుంచేసింది.

"మరిచిపోలే మేడం. మా ఊరి వాగు పేరు పెట్టిన. వాగును ఎట్ల మరుస్త?"

పాస్‌వర్డ్ పైకి చెప్పినందుకు దాన్ని మందలించి, హాల్‌టికెట్ నంబరు కొట్టి కొత్తది అడిగించి, వచ్చిన ఓటీపీ షరా మామూలుగా చదివి లోపలికి పోయాం. కాలేజీల వరస తారుమారై ఉంది. సర్కారు పాలిటెక్నిక్ ఎక్కడా లేదు. పైన ఒకే ఒక్క పేరు, ఎక్కడో దూరాన ఉన్న ప్రైవేటు కాలేజీ. ఇక మార్చడానికి లేకుండా ఖాయం చేసి ఉంది. మార్పులుంటే సహాయ కేంద్రానికి రావలెనని కింద ఎర్ర అక్షరాలు. గడువు ఆ రోజుతో ఆఖరు.

ఆ కాలేజీ పేరు నాకు తెలుసు. రోజూ నాకు చాయ్ తెప్పించే కాలేజీ అది.

ఆ పిల్ల ఏడవలేదు. కళ్లార్పకుండా తెర వంకే చూస్తూ, "మా అయ్య ఇగ కూలికి తోలుతడు," అంది. అంతే.

పేపర్ల బల్ల వైపు చూశాను. అతని కుర్చీ ఖాళీ. ఫోను చేశాను. మర్యాదగా ఎత్తాడు. నీకిదేం పనిరా అన్నాను. తప్పేముంది అక్కా, మా కాలేజీకి బస్సు ఉంది, ల్యాబులున్నయి, పిల్లకు మేలే చేసిన అన్నాడు. నీకు ఓటీపీ ఎట్లా తెలిసిందని అరిచాను.

"మీరే చెప్పిన్రు గదక్కా. మొదటిపారి నేను సగమే రాసుకున్న. మీరు మళ్ల చెప్పిన్రు."

నా జీవితంలో మొదటిసారి, ఎదుటివాడికి సమాధానం చెప్పకుండా ఫోను పెట్టేశాను.

సహాయ కేంద్రం కొత్తగూడెంలో. దొరికిన బస్సు ఎక్కాం, నేనూ ఆ పిల్లా. గోదావరి వంతెన దాటేసరికి నా ప్రసంగం తయారైంది. టవర్లు లేని అడవికి ఓటీపీలు పెట్టిన ప్రభుత్వం మీద కొంత, ప్రైవేటు కాలేజీల మీద కొంత, సమాజం మీద మిగిలినంత. పెదాలు కదుపుతూ సాధన చేస్తుంటే, కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మేడం, ఆడ నేను చెప్త. మీరు మాట్లాడకుండ్రి."

నాకు చాలా కోపం వచ్చింది. ఎంత చదివిస్తే మాత్రం, అనుకున్నాను. తర్వాత నేను చదివి వినిపించింది ఏమిటో గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూశాను.

కేంద్రంలో జనం కిటకిటలాడుతున్నారు. మా వంతు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బల్ల అవతల ఒక ఉద్యోగిని, కళ్లు కంప్యూటర్ మీద, చెవి మా మీద పెట్టి కూర్చుంది. ఆ పిల్ల చెప్పింది. తడుముకోలేదు, ఎవరినీ తిట్టలేదు, సాగదీయలేదు. నేను పెట్టింది ఇది, మారింది ఇది, నాకు కావాల్సింది ఇది. నేనైతే ఆపాటికి సమాజం దాకా కూడా వచ్చి ఉండేదాన్ని కాదు, ఇంకా టవర్ల దగ్గరే ఉండేదాన్ని. ఆమె అంతా విని నా వైపు తలెత్తింది.

"ఫోన్ నంబరు మీదేనా మేడం? ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని అదే మెసేజ్‌లో ఉంటది గద. మీరు ఎవరికి చెప్పిన్రు?"

"అందరికీ," అన్నాను.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. అలా నవ్వకుండా ఉండటానికి ఆమె పడ్డ కష్టం చూసి నాకు ఆమె మీద గౌరవం కలిగింది. లోపలికి పోయి పై అధికారితో మాట్లాడి వచ్చింది. పీఆర్వో మీద ఫిర్యాదు వేరే రాసి ఇవ్వమంది, ముందు పిల్ల సంగతి చూద్దామంది. ఖాయం చేసినదాన్ని విప్పాం, పాస్‌వర్డ్ మార్చి వరస మళ్లీ పెట్టుకో, ఇప్పుడొక ఓటీపీ వస్తుంది అంది.

వచ్చింది. ఫోను నా చేతిలో మోగింది. ఒట్టేసి చెప్తున్నా, నేను కావాలని చేయలేదు. కళ్లు అంకెల మీద పడగానే నోరు దానంతట అది తెరుచుకుంది. మొదటి అంకె బయటికి వచ్చే లోపే ఆ పిల్ల నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అటు తిరుగుండ్రి మేడం," అంది పాస్‌వర్డ్ కొడుతూ.

తిరిగాను. బల్ల వైపు వీపు పెడితే, నా ముఖం వరసలో నిలబడ్డ జనానికి ఎదురుగా వచ్చింది. వాళ్లు నన్ను చూశారు, నేను వాళ్లను చూశాను. అంత సేపు నోరు మూసుకుని అంత మంది ముందు నిలబడటం నాకు అదే మొదలు. వెనక కీబోర్డు టకటకమంటుంటే, ఆ పిల్ల ఈసారి ఏ పేరు పెట్టుకుందో తెలుసుకోవాలని నాకెంత తహతహ పుట్టిందో చెప్పలేను. ఇప్పటికీ తెలియదు.

ఊరికి వచ్చాక గ్రంథాలయంలో విచారణ జరిగింది. అంటే నేను జరిపాను. పేపర్ల బల్లను వరండాలోకి మార్చాలని, పీఆర్వోలను గుమ్మం తొక్కనీయకూడదని గట్టిగా వాదించాను. గ్రంథపాలకుడు అంతా విని, తన మెత్తటి గొంతుతో అన్నాడు.

"బల్ల ఎందుకు మేడం, మీ కుర్చీ వరండాలో వేయిస్తాను."

ఇప్పుడు ఓటీపీ వస్తే నేను లేచి, నడిచిపోయి, అడిగిన పిల్ల చేతికి ఫోను ఇచ్చి, గోడ వైపు తిరుగుతాను. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. పీఆర్వో మా మండలం వదిలి ఇంకో మండలానికి మారాడని విన్నాను. ఫిర్యాదు వల్లో, ఇక్కడ పిల్లలు దొరకకో తెలియదు. అక్కడ కూడా నాలాంటి అక్క ఒకతె ఉంటే మాత్రం ఆ మండలం గతి అంతే.

ఆ పిల్ల ఊరికి వెళ్లిపోయింది. వేరే నంబరు లేదు గనక సీటు మెసేజీ నాకే రావాలి. వెళ్లే ముందు నాతో ఒప్పందం చేసుకుంది. మెసేజీ వస్తే చూడాలి గానీ చెప్పకూడదు, పిన్నికి కూడా. వచ్చింది. చూశాను. ఇంట్లోంచి బస్టాండు దాకా నడవడం మామూలుగా నాకు ఒక పూట పని, దారిలో అంతమందితో మాటలుంటాయి. ఆ రోజు పెదాలు బిగించుకుని నడిచాను. నా తీరు చూసి ఎవరో పోయారనుకున్నారు. కిరాణా కొట్టాయన బెల్లం తూయడం ఆపి దండం పెట్టాడు.

చర్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆటో ఇక పోలేనన్న చోటి నుంచి నడక. కొలిచి వదిలేసిన రోడ్డు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఊరి చివర పోడు చేలో ఆ పిల్లా వాళ్ల నాన్నా కంచె కడుతున్నారు. మేనత్త గట్టు మీద కూర్చుని ఉంది. నేను రొప్పుతూ పోయి, నోరు మెదపకుండా, ఫోను ఆ పిల్ల చేతికి ఇచ్చి, అలవాటుగా అటు తిరిగి నిలబడ్డాను.

అది మెసేజీ తెరిచి గొణుక్కుంటూ చదువుకుంది. తర్వాత అది తమ భాషలో వాళ్ల నాన్నకు చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో సర్కారు అన్న మాట వినిపించింది, సివిల్ అన్న మాట వినిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపైన మాటలు పొడుగయ్యాయి, వాటి మధ్య ఓటీపీ అన్న మాట దొర్లింది. నాకు ఆ భాష రాదు. కానీ ఉన్నట్టుండి దాని గొంతు పెద్దదైంది, మాట విరుపుగా, ఒక్కొక్క అంకె విడగొట్టినట్టుగా వచ్చింది. తిరిగి చూస్తే అది ఒక చేయి నడుముకు ఆనించి, ఇంకో చేత్తో ఫోను ముఖానికి దూరంగా పట్టుకుని, గడ్డం ఎత్తి నిలబడి ఉంది. మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అచ్చంగా అలాగే నిలబడతానని నాకు అంతవరకు తెలియదు.

వాళ్ల నాన్న నవ్వలేదు. కొడవలి కింద పెట్టి, చేతులు దులుపుకుని, నా దగ్గరికి వచ్చి తెలుగులో అడిగాడు.

"ఆ కాలేజీల మీరు కూడ ఉంటరా అమ్మా?"

"లేనయ్యా," అన్నాను.

ఆయన వంగి కొడవలి మళ్లీ చేతికి తీసుకున్నాడు.

"గట్లయితే తోలుత," అన్నాడు.